నేరబ్ సమాధి రాళ్ళు: ఒక శాపాన్ని అక్షరం అక్షరంగా చదివితే

సిరియాలో అలెప్పో నగరానికి ఆగ్నేయంగా సుమారు 7 కిలోమీటర్ల దూరంలో నేరబ్ అనే ఊరుంది. 1891లో అక్కడ రెండు నల్లరాతి ఫలకాలు బయటపడ్డాయి. రెండూ బసాల్ట్ రాళ్ళే. రెండిటి మీదా ఒక్కో పూజారి బొమ్మ, దానితో పాటు అప్పటి సిరియా ప్రాంతపు భాష ఆరమాయిక్‌లో శాసనం ఉన్నాయి. ఇప్పుడు ఇవి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఏఓ 3026, ఏఓ 3027 నంబర్లతో ఉన్నాయి. మొదటిది 93 సెంటీమీటర్ల ఎత్తు, 35 వెడల్పు. రెండోది 95 ఎత్తు, 45 వెడల్పు. ఒక మనిషి నడుము ఎత్తు ఉండే రాళ్ళు. వీటి కాలం క్రీ.పూ. 700 ప్రాంతం.

ప్రాచీన సమాధి శాసనాల గురించి రాసేవాళ్ళు వీటిని "శాపశాసనాలు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అది సగమే నిజం. ఈ రెండు రాళ్ళూ సమాధిని కాపాడుకోవడానికి రెండు వేర్వేరు ఎత్తులు వేశాయి. మొదటిది చేసినదానికి సరిగ్గా అంతే తిరిగి వస్తుందని లెక్క చెబుతుంది. రెండోది అసలు తవ్వాలనే ఆశే పుట్టకుండా చూస్తుంది. ఆ తేడా కనిపించాలంటే అనువాదం చదివితే చాలదు, అక్షరాల దాకా వెళ్ళాలి.

ముందు రాయి సంగతి

బసాల్ట్ మీద అక్షరం చదవడం సున్నపురాయి మీద చదివినంత తేలిక కాదు. ఈ రాయి లావా చల్లారితే ఏర్పడింది కాబట్టి ఒంటినిండా సన్నటి రంధ్రాలుండటం మామూలు. ఒక రంధ్రం అక్షరపు గీత చివర పడితే గీత పొడుగైనట్టు కనిపిస్తుంది, రెండు గీతల మధ్య పడితే అవి కలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఎదురుగా ఫ్లాష్ వేసి తీసిన ఫోటోతో ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. రాతి ఉపరితలానికి 10 నుంచి 20 డిగ్రీల కోణంలో పక్కవాటు వెలుగు పడాలి. అదీ ఒక్క దిక్కు నుంచి కాదు, కనీసం నాలుగు దిక్కుల నుంచి. ఉలి చెక్కిన గీతకు అడుగు ఉంటుంది, రెండు అంచులుంటాయి, వెలుగు తిప్పేకొద్దీ దాని నీడ వరుసగా జరుగుతుంది. రంధ్రం నీడ ఎటు తిప్పినా గుండ్రంగానే ఉంటుంది.

ఇప్పుడు ఈ పనికి ఆర్‌టీఐ (రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్) పద్ధతి వాడుతున్నారు. కెమెరాను కదలకుండా నిలబెట్టి, లైటు ఒక్కదాన్నే రాతి చుట్టూ గొడుగులా తిప్పుతూ యాభై అరవై ఫోటోలు తీయాలి. ఫ్రేములో ఒక మూల నిగనిగలాడే నల్ల గోళీ ఉంచాలి. గోళీ మీద మెరుపు ఎక్కడ పడిందో చూసే సాఫ్ట్‌వేర్ వెలుగు ఏ దిక్కు నుంచి వచ్చిందో లెక్కకడుతుంది. గోళీ మరిచిపోతే ఆ వరుస ఫోటోలన్నీ వృథా. పాత పద్ధతిలో తడి కాగితాన్ని రాతి మీద పరిచి బ్రష్‌తో కొట్టి అచ్చు తీసేవారు. ఇప్పటికీ అది మంచి పద్ధతే, కానీ రాతి మీద రంగు జాడలు ఉన్నాయేమోనన్న అనుమానం వస్తే తడి తగలనివ్వకూడదు.

ఎడమ నుంచి కుడికి చదివే అలవాటున్న మనకు ఇంకో చిక్కు ఉంది. ఆరమాయిక్ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. హల్లులే రాస్తారు, గుణింతం లేదు. 'అలెఫ్', 'అయిన్' అని రెండు గొంతు అక్షరాలున్నాయి. తెలుగులో రెండిటినీ "అ" అనే రాయాల్సివస్తుంది కాబట్టి, నోట్సు రాసుకునేటప్పుడు ఏది ఏదో గుర్తు పెట్టుకోకపోతే తర్వాత పెద్ద తప్పు దొర్లుతుంది. ఆ తప్పు ఎలాంటిదో రెండో రాయి దగ్గర చూద్దాం.

మొదటి రాయి: చోటుకు చోటు

పూజారి నిలబడి, చెయ్యెత్తి ఉన్నాడు. పొడవాటి కుచ్చుల అంగరఖా, తలకు అతుక్కున్న టోపీ. శాసనం 14 వరుసలు. మొదటి ఎనిమిది వరుసలూ పొట్టివి, ఒక్కోదానిలో ఒకటి నుంచి మూడు మాటలే. తొమ్మిదో వరుస నుంచి ఒక్కసారిగా పొడుగవుతాయి. అర్థం ఇది:

"సిన్-జేర్-ఇబ్ని, నేరబ్‌లో షహర్ పూజారి, చనిపోయాడు. ఇది అతని బొమ్మ, అతని సమాధి. నీవెవరివైనా సరే, ఈ బొమ్మనూ సమాధినీ దాని చోటు నుంచి కదిలిస్తే, షహర్, షమష్, నిక్కల్, నుష్క్ నీ పేరునూ నీ చోటునూ బతుకులోంచి పెరికివేయుదురు గాక. నిన్ను చెడ్డ చావు చంపుదురు గాక. నీ విత్తనాన్ని నాశనం చేయుదురు గాక. ఈ బొమ్మనూ ఈ సమాధినీ నువ్వు కాపాడితే, మునుముందు నీదీ కాపాడబడు గాక."

షహర్ అంటే చంద్రుడు. నిక్కల్ అతని భార్య, సుమేరు వాళ్ళ నింగల్. నుష్క్ మెసొపొటేమియా దేవుడు నుస్కు. షమష్ సూర్యుడు. ఇప్పటి టర్కీలో ఉన్న హర్రాన్ నగరంలోని చంద్రుడి గుడిలో కొలిచిన దేవతలు వీళ్ళే. నేరబ్ ఆ హర్రాన్ సంప్రదాయానికి పడమటి కొమ్మ.

తెలుగులోకి తెచ్చేటప్పుడు మొదట జారేది "నీ పేరునూ నీ చోటునూ" దగ్గర. మూలంలో "ష-మ-క, అ-ష-ర-క" అని ఉంది. మన నోటికి వెంటనే వచ్చేది "పేరూ ఊరూ లేకుండా పోవాలి" అనే తిట్టు. వినడానికి ఎంత అందంగా కుదిరిందో! కానీ అక్కడ "ఊరు" అని రాస్తే శాసనం వెన్నెముక విరిగిపోతుంది. ఎందుకంటే ఎనిమిదో వరుసలో "దాని చోటు నుంచి" అన్నచోట కూడా ఇదే మాట ఉంది: అ-ష-ర. నువ్వు బొమ్మను దాని "చోటు" నుంచి కదిలిస్తే, దేవతలు నీ "చోటు"నే పెరికేస్తారు. ఒకే మాట రెండు సార్లు, ఒకసారి నేరంలో, ఒకసారి శిక్షలో. చివరి వాక్యంలో కూడా ఇదే పద్ధతి: "కాపాడితే" అన్న క్రియ, "కాపాడబడు గాక" అన్న క్రియ, రెండూ న-స-ర అనే ఒకే ధాతువు. ఇక్కడ కోపం కన్నా లెక్క ఎక్కువ. అందుకే అనువాదంలో ఆ జంటలు చెదరకూడదు. పర్యాయపదాలతో అలంకరించాలనే కోరికను ఇక్కడ అణచుకోవాలి.

"విత్తనం" కూడా అంతే. తెలుగులో "వంశం" అంటే సాఫీగా ఉంటుంది. కానీ మూలంలో ఉన్నది విత్తనం అనే మాట, జ-ర-అ. ఇక పూజారి పేరు చూడండి: సిన్-జేర్-ఇబ్ని, అక్కాదియన్‌లో (అస్సీరియా, బాబిలోను వాళ్ళ భాషలో) "సిన్ విత్తనాన్ని సృష్టించాడు" అని. సిన్ అంటే చంద్రుడే. ఆ "జేర్", ఈ "జ-ర-అ" ఒకే మాట తాలూకు రెండు భాషల రూపాలు. చంద్రుడి చలవతో పుట్టానని పేరులోనే చెప్పుకున్న మనిషి, తన సమాధిని ముట్టినవాడి విత్తనం పోవాలని ఆ చంద్రుణ్ణే అడుగుతున్నాడు. "వంశం" అని రాస్తే ఇది పాఠకుడికి చేరదు.

ఈ పేరును రాతి మీద ఎలా చెక్కారన్నది ఇంకో విశేషం. "సిన్" అన్న దేవుడి పేరు సామెఖ్ ("స") అక్షరంతో కాక షీన్ ("ష")తో ఉంది: ష-న-జ-ర-బ-న. నుస్కు కూడా "న-ష-క". అస్సీరియా వాళ్ళ ఉచ్చారణలో "స" ఆరమాయిక్ వాళ్ళ చెవికి "ష"గా వినిపించేది. చెక్కినవాడు విన్నది విన్నట్టు రాశాడు. ఒకే రాతి మీద రెండు పేర్లలో ఒకే మార్పు కనిపిస్తోంది కాబట్టి దీన్ని చేతి పొరపాటుగా కొట్టేయడానికి వీల్లేదు. ఈ గుళ్ళోకి దేవతల పేర్లు అస్సీరియన్ నోట వచ్చాయనడానికి ఇది సాక్ష్యం.

పదకొండో వరుసలో మరో అలాంటి చోటుంది. "నిన్ను చంపుదురు గాక" అన్న క్రియ య-క-ట-ల-వ-క అని, కాఫ్ అక్షరంతో చెక్కి ఉంది. ఆరమాయిక్‌లో చంపడానికి మామూలుగా కోఫ్ వాడతారు, అంటే గొంతు లోతు నుంచి వచ్చే "క". తొందరపడి దీన్ని "సరిదిద్దేవాళ్ళు" ఉంటారు. సరిదిద్దకూడదు. కోఫ్, తేత్ (ఈ మాటలోని "ట") రెండూ నొక్కి పలికే అక్షరాలు. రెండు నొక్కుళ్ళు ఒకే మాటలో పక్కపక్కన పడితే ఒకటి మెత్తబడుతుంది. అక్కాదియన్‌లో ఇది నియమంగా జరిగేది. శాసనాన్ని ఎత్తి రాసేటప్పుడు రాతి మీద ఉన్నదే ఎక్కించాలి, వ్యాఖ్య పక్కన వేరుగా రాయాలి. మన తెలుగు శాసనాల్లో "ఱ", "ర" కలిసిపోయినచోట పాటించే పద్ధతే ఇక్కడా.

రెండో రాయి: తవ్వితే నీకేం దొరకదు

ఇందులో పూజారి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కాళ్ళ కింద పీట, చేతిలో గిన్నె, ఎదురుగా బల్ల మీద భోజనం, బల్లకు అవతల విసనకర్రతో పరిచారకుడు. బొమ్మ పైన 10 వరుసలు:

"షిగబ్బర్, నేరబ్‌లో షహర్ పూజారి. ఇది అతని బొమ్మ. అతని (షహర్) ఎదుట నా ధర్మం వల్ల అతను నాకు మంచి పేరు ఉంచాడు, నా రోజులు పొడిగించాడు. నేను చనిపోయిన రోజున నా నోరు మాటలకు మూతపడలేదు. నా కళ్ళతో ఏం చూస్తున్నాను? నాలుగో తరం పిల్లల్ని. వాళ్ళు నాకోసం ఏడ్చారు, కుమిలిపోయారు. నాతో వెండి పాత్రగానీ కంచు పాత్రగానీ ఉంచలేదు. నా బట్టలతోనే నన్ను ఉంచారు, మునుముందు నువ్వు నా సమాధిని కదిలించకుండా ఉండేందుకు. నీవెవరివైనా అన్యాయం చేసి నన్ను కదిలిస్తే, షహర్, నిక్కల్, నుష్క్ అతని చావును దుర్గంధం చేయుదురు గాక, అతని తర్వాతిది నశించు గాక."

ఇందులో ఆరో వరుస చివరి మాట, ఏడో వరుస చివరి మాట పక్కపక్కన పెట్టి చూడాలి. ఆరో వరుసలో "మ-అ-న", మధ్యలో అలెఫ్, అర్థం "పాత్ర". ఏడో వరుసలో "ల-మ-అ-న", మధ్యలో అయిన్, అర్థం "అందుకోసం". తెలుగు నోట్సులో రెండూ "మఅన"గానే కనిపిస్తాయి. గుర్తు పెట్టుకోకపోతే ఏడో వరుసలో ఇంకో పాత్ర పుట్టుకొస్తుంది. లేని పాత్ర గురించి చెప్పే శాసనంలో లేని పాత్రను మనమే చేర్చినవాళ్ళమవుతాం.

అంతకన్నా ప్రమాదమైనది ఎనిమిదో వరుసలోని ఒక్క "ల". మామూలుగా "కాదు, వద్దు" అనడానికి ఆరమాయిక్‌లో లామెద్, అలెఫ్ రెండూ రాస్తారు. ఈ రాతి మీద అలెఫ్ వదిలేసి, ఒంటరి లామెద్‌ను తర్వాతి మాటకు అంటించి చెక్కారు: ల-త-హ-న-స, "కదిలించకుండా". ఇది నిషేధమని గుర్తించకపోతే అది "కు" అనే విభక్తిలా కనిపించి, వాక్యం "నా సమాధిని కదిలించేందుకు" అని పూర్తిగా తిరగబడుతుంది. అయితే ఇది నిషేధమే అని ఎలా రూఢి చేసుకోవాలి? అదే రాతి మీద వెతకాలి. ఆరో వరుసలో "ఉంచలేదు" అన్నచోట కూడా అదే ఒంటరి లామెద్. నాలుగో వరుసలో "మూతపడలేదు" అన్నచోట ల-అ-త-అ-హ-జ అని ఉంది. దీన్ని మాటలుగా విడదీయడానికి రెండు దారులున్నాయి. "లా" విడదీసి మిగతాది త-అ-హ-జ అనుకుంటే క్రియ స్త్రీలింగమవుతుంది. కానీ నోరు అనే మాట పుంలింగం, కుదరదు. ఒంటరి "ల" విడదీస్తే అ-త-అ-హ-జ మిగులుతుంది, పుంలింగ భూతకాల కర్మణి రూపం, చక్కగా కుదురుతుంది. అంటే మూడు చోట్లా చెక్కినవాడి అలవాటు ఒకటే. ఒక శాసనంలో అనుమానం వస్తే ఇంకో శాసనం కన్నా ముందు అదే శాసనాన్ని అడగాలి.

మూడో వరుస మొదట్లో "ష-మ-న-య ష-మ" అని వస్తుంది. మొదటి "ష-మ" ఉంచడం అనే క్రియ, రెండోది పేరు అనే నామవాచకం. రెండిటికీ ఒకే షీన్ అక్షరం. ఈ "ఉంచు" క్రియ శాసనంలో మూడుసార్లు వస్తుంది: దేవుడు పేరు ఉంచాడు, పిల్లలు పాత్ర ఉంచలేదు, నన్ను బట్టలతో ఉంచారు. తెలుగులో "ఉంచు" ఈ మూడు చోట్లకూ అతుకుతుంది కాబట్టి "పేరు తెచ్చిపెట్టాడు", "పడుకోబెట్టారు" అని మార్చకుండా అలాగే వదలడం మేలు.

ఇక పాత్రల విషయం. సమాధిని తవ్వేవాడు వచ్చేది దేవుణ్ణి సవాలు చేయడానికి కాదు, లోహం కోసం. షిగబ్బర్‌కు ఆ సంగతి తెలుసు. అందుకే శాపానికి ముందే ఖాళీ చేతులు చూపించాడు. ఇది ఒక్క నేరబ్ ఆలోచన కాదు. యెరూషలేం దగ్గర సిల్వాన్‌లో దాదాపు ఇదే కాలంలో చెక్కిన హీబ్రూ సమాధి శాసనం కూడా ఇక్కడ వెండీ బంగారం లేవు, ఎముకలే ఉన్నాయి, తెరిచినవాడు శపించబడు గాక అంటుంది. సిదోన్ రాజు తబ్నిత్ శవపేటిక మీది ఫినీషియన్ శాసనమూ వెండి లేదు, బంగారం లేదు అనే చెబుతుంది. సిల్వాన్ రాయిని 1870లో కనిపెట్టిన ఫ్రెంచి పండితుడు క్లెర్మాఁ-గానో నేరబ్ రాళ్ళ మీద కూడా పనిచేశాడు. సిల్వాన్ శాసనం మాత్రం 1953లో నహ్మాన్ అవిగాద్ చదివేదాకా పూర్తిగా అర్థం కాలేదు. రాయి చేతిలో ఉన్నా చదువు ఎనభై మూడేళ్ళు ఆగింది.

నాలుగో తరం పిల్లల మాటకు గట్టి సాక్ష్యం హర్రాన్‌లోనే దొరుకుతుంది. బాబిలోను రాజు నబోనిదస్ తల్లి అదద్-గుప్పి, తన శాసనం చెప్పే లెక్కలో 104 ఏళ్ళు బతికి, క్రీ.పూ. 547లో చనిపోయింది. ఆమె శాసనంలో కూడా చంద్రుడి భక్తి వల్ల నాలుగో తరాన్ని కళ్ళారా చూశానని, చూపూ వినికిడీ మాటా తగ్గలేదని ఉంది. షిగబ్బర్‌కూ ఆమెకూ మధ్య 150 ఏళ్ళ దూరం. భాష వేరు, లిపి వేరు. కానీ చంద్రుడి సేవకులు తమ నిండు జీవితాన్ని కొలిచిన కొలబద్ద ఒకటే: చెడని చూపు, ఆగని మాట, నాలుగో తరం. కాబట్టి షిగబ్బర్ శాసనం మొదటి సగాన్ని గొప్పలుగా చదవకూడదు. "దేవుడు నా పక్షాన ఉన్నాడు" అని ఆధారాలతో నిరూపించాకే అతను ఆ దేవుణ్ణి శిక్షించమని అడుగుతున్నాడు.

షిగబ్బర్ ఉట్టి రాతి మీది పేరు కాదు. అస్సీరియా రాజు రెండో సర్గోను (క్రీ.పూ. 722–705) కాలపు ఒక ఉత్తరంలో ఈ పూజారిని సిమో పర్పోలా 1985లో గుర్తించాడు. రాళ్ళ కాలం క్రీ.పూ. 700 ప్రాంతం అని చెప్పడానికి ఇది ఒక బలమైన ఆధారం.

ఆ తొమ్మిదో వరుసలో "నువ్వు నన్ను కదిలిస్తే" అని మొదలై, పదో వరుసలో "అతని చావు" అని మారుతుంది. చాలా అనువాదాల్లో దీన్ని "నీ చావు" అని చదును చేసేస్తారు. అలా చేయకూడదు. ఎదురుగా నిలబడినవాణ్ణి ముందు "నువ్వు" అని నిలదీసి, తర్వాత దేవతల వైపు తిరిగి "వాడి సంగతి చూడండి" అన్నట్టుగా ఉంది. మన ఊళ్ళో దుమ్మెత్తిపోసే ముసలమ్మ గొంతు కూడా ఇలాగే మధ్యలో మళ్ళుతుంది.

మన శాసనాలతో, హెగ్రాతో

తెలుగు శాసనాల చివర వచ్చే శాపవాక్యాలు తెలిసినవాళ్ళకు ఇదంతా పరిచయమైన నేలే. "స్వదత్తాం పరదత్తాం వా" శ్లోకం, గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపాన పోతారన్న మాట, రాయి పైన చెక్కే సూర్యచంద్రులు. చరిత్రలో వీటికీ నేరబ్‌కూ సంబంధం లేదు. కానీ తేడా గమనించదగ్గది. మన దానశాసనం కాపాడేది భూమి మీద హక్కును. నేరబ్ కాపాడేది ఒక శరీరాన్నీ ఒక బొమ్మనూ, అవి ఉన్న చోటునూ.

హక్కును కాపాడే ఆరమాయిక్ సమాధి శాసనం కావాలంటే ఏడు శతాబ్దాలు ముందుకొచ్చి, ఇప్పటి సౌదీ అరేబియాలోని హెగ్రాకు వెళ్ళాలి. అక్కడ నబతీయులు అనే ప్రాచీన అరబ్బు రాజ్యం వాళ్ళ రాతి గుహ సమాధుల ముఖాల మీద పత్రాల్లాంటి శాసనాలున్నాయి. కంకం అనే స్త్రీ, ఆమె కూతురు కులైబత్ తమ కోసం చేయించిన సమాధి మీద రాజు హారితత్ 9వ ఏడు అని తేదీ ఉంది. అమ్మినా, కొన్నా, తాకట్టు పెట్టినా, దానమిచ్చినా, అద్దెకిచ్చినా దుషరా మొదలైన దేవతల శాపం. దానిపైన పూజారికి వెయ్యి హారితీ సేలాల (ఆ రాజు నాణేల) జరిమానా. కంకం గానీ కులైబత్ గానీ రాసిచ్చిన పత్రం చేతిలో ఉన్నవాడికి మాత్రం మినహాయింపు. నేరబ్‌లో దేవతలే న్యాయస్థానం. హెగ్రాలో దేవతలతో పాటు రొక్కం, పత్రం కూడా చేరాయి.

ఒక మాట మిగిలింది

ఇప్పటిదాకా "సమాధి" అని రాస్తూ వచ్చిన మాట మూలంలో అ-ర-స-త (మొదటిది అలెఫ్). రాతి పేటికా, గోరీయా, పానుపా అని పండితుల్లో వాదన ఉంది. ఈ రాళ్ళు శాస్త్రీయమైన తవ్వకంలో దొరికి ఉంటే, కింద ఏముందో చూసి తేల్చేవాళ్ళం. ఫ్రెంచి బృందం నేరబ్‌లో తవ్వకాలు జరిపింది 1926, 1927లలో, అంటే రాళ్ళు కదిలిన 35 ఏళ్ళ తర్వాత. "దాని చోటు నుంచి కదిలిస్తే" అని శాసనం ఎందుకంత పట్టుబట్టిందో పురావస్తు పని చేసేవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి మిగిలినవి వ్యాకరణం ఇచ్చే ఆనవాళ్ళే. పన్నెండో వరుసలో దీని పక్కన "ఈ" అనే స్త్రీలింగ రూపం ఉంది కనుక మాట స్త్రీలింగం. ఎప్పుడూ బొమ్మ తర్వాతే వస్తుంది, బొమ్మతో పాటే కదిలే వస్తువుగా వస్తుంది. రెండో రాతి మీద మాత్రం ఎనిమిదో వరుసలో "నా సమాధిని కదిలించకుండా" అన్నవాడు, తొమ్మిదో వరుసకు వచ్చేసరికి "నన్ను కదిలిస్తే" అన్నాడు. మాట మార్చాడు, క్రియ మార్చలేదు. షిగబ్బర్ దృష్టిలో ఆ వస్తువు, అందులో పడుకున్న తానూ ఒకటే. అందుకే అనువాదంలో "శవపేటిక" అని రాయకుండా, మనిషినీ చోటునూ కలిపి చెప్పే "సమాధి" అన్న మాటే ఉంచడం సబబు.